నాలుక చెప్పిన సాక్ష్యము

చార్మినారు నుండి లాడ్ బజారు గాజుల అంగళ్ళ మీదుగా పడమటి దిక్కునకు నడచి, మహబూబ్ చౌక్ గడియారపు గోపురమును దాటి మరికొంత దూరము పోయినచో హుస్సేనీ ఆలం పేట వచ్చును. అచ్చటి ఆషూర్‌ఖానాలో నిలుపు ఆలము, అనగా పవిత్రమైన ధ్వజచిహ్నము, ఆ పేటకు పేరు పెట్టినది. మొహర్రము దినములలో అచ్చట కాలు మోపుటకు చోటుండదు. మిగిలిన దినములలో అది పాత నగరములోని తక్కిన పేటలవలెనే యుండును: ఇరుకు వీథులు, పాత కమానులు, అత్తరు వాసన, ఇనుప పెనముల చప్పుడు, మూల మూలకొక చాయ్ హోటలు.

పాత నగరపు వంటల గూర్చి ఒక ప్రసంగమునకు కావలసిన సంగతులు సేకరించుటకై మేమొక సాయంకాలము ఆ పేటకు పోయితిమి. అచ్చటి యొక చిన్న ఇరానీ హోటలులో, పెండ్లి దావతులకు నలువది యేండ్లు దేగలు దించిన ఒక వృద్ధ పాకకర్త మాకు పరిచయమయ్యెను. అందరును ఆయనను బడే మియా అని పిలుచుచుండిరి. మేమును అట్లే పిలిచితిమి. మాటల మధ్య ఆయన, "సాబ్, కప్పులో ముందు డికాక్షన్ పోసి పాలు పోసినారా, ముందు పాలు పోసి డికాక్షన్ పోసినారా యన్నది ఒక్క గుక్కలో చెప్పగలను" అనెను. ప్రక్క బల్ల వారు నవ్విరి. ఆయన ముఖము ఎఱ్ఱనయ్యెను. ఆ నవ్వు ఒక చాయ్ కప్పును గూర్చినది కాదు. నలువది యేండ్ల వృత్తిని గూర్చినది. వంటవాని నాలుకను నమ్మనిచో వానికి మిగులునది గరిటె యొక్కటే.

మేము పరీక్ష పెట్టుదుమంటిమి. ఆయన ఒప్పుకొనెను. హోటలు కుర్రవాడు లోపలికి పోయి ఎనిమిది కప్పులు సిద్ధము చేసెను: నాలుగింటిలో డికాక్షన్ ముందు, నాలుగింటిలో పాలు ముందు. సాసరుల అడుగున సుద్దతో గుర్తులు పెట్టి, వరుస తారుమారు చేసి తెచ్చెను. డికాక్షన్ ముందు పోసినవి నాలుగని మాత్రమే బడే మియాకు తెలియును. ఆయన ఒక్కొక్క కప్పును గుక్కెడు త్రాగి, నాలుగు కప్పులను వేరుచేసి పెట్టెను. సాసరులు తిరుగవేసి చూడగా ఆ నాలుగింటిలో మూడు సరి, ఒకటి తప్పు. హోటలంతయు చప్పట్లు కొట్టెను. మేము కొట్టలేదు. ఎందువలన కొట్టలేదో చెప్పుటకే ఈ ప్రసంగము.

రుచి చూచి తీర్పు చెప్పువానిని నమ్మవచ్చునా? ఈ ప్రశ్నను లోకము ఎక్కువగా ద్రాక్షాసవమును గూర్చి, అనగా వైనును గూర్చి, అడిగినది. ఏలయన ఒక్క మనుష్యుని నాలుక మాట మీద ఒక సీసా ధర పది రెట్లగుట, ఒక తోట యజమాని భాగ్యవంతుడగుటయో దివాలా తీయుటయో ఆ వ్యాపారమునందే కానవచ్చును. కాని ప్రశ్న అంతకన్న మిక్కిలి పాతది.

మొదటి రుచిచూపరులు విమర్శకులు కారు. ప్రాణములను పణముగా పెట్టిన సేవకులు. రాజు భుజించుటకు ముందు అన్నమును అగ్నికిని పక్షులకును వేసి చూడవలెననియు, వండినవాడే ముందు తినవలెననియు కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. అక్బరు చక్రవర్తి వంటశాలలో వంటవారును, వారిపై అధికారియైన మీర్ బకావలును ముందుగా రుచి చూచిన పిమ్మట, పాత్రలకు గుడ్డ కట్టి ముద్ర వేసి లోనికి పంపెడివారని ఐనె అక్బరీ వలన తెలియుచున్నది. వారి నాలుకను రాజులు నమ్మిరి. ఆ నమ్మకమునకు కారణము ఆ నాలుకల సూక్ష్మత మాత్రము కాదు. తీర్పు తప్పినచో ముందుగా పడిపోవువాడు తీర్పరియే. నేటి విమర్శకునికి ఆ బాధ లేదు. ఆయన పొరపాటునకు మూల్యము చెల్లించువాడు సీసా కొన్నవాడు.

మన నగరమునకు వత్తము. 1591లో హైదరాబాదును నిర్మింపజేసిన మహమ్మదు కులీ కుతుబ్ షా తన దక్కనీ కవిత్వములో ఋతువులను, పండుగలను, ప్రేమను, మధువును పాడినవాడు. కాని సామాన్యుని పానము ద్రాక్షాసవము కాదు, కల్లు. 17వ శతాబ్దములో గోలకొండ రాజ్యమునకు పలుమారులు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, ప్రతిదినమును ఐదారు వందల గుఱ్ఱములపై తోలు తిత్తులలో కల్లు ఈ నగరమునకు వచ్చుచుండెననియు, దానిపై పన్ను వలన రాజునకు గొప్ప ఆదాయము గలదనియు వ్రాసెను. కల్లు నిలువయుండు సరకు కాదు. తెల్లవారుజామున చెట్టు దించిన నీర తియ్యగా నుండును, గాలిలోని సూక్ష్మజీవులు దానిలోని చక్కెరను మద్యముగా మార్చుచు పోవును, సాయంకాలమునకు పులుపెక్కును. కనుక కొనువాని నాలుకయే ఆనాటి తనిఖీ అధికారి. పోతుతాటి కల్లు, పరుపుతాటి కల్లు, ఈత కల్లు అను భేదములను తెలంగాణపు పల్లెటూరి వారు నేటికిని రుచి చేతనే చెప్పుదురు. వారికెవ్వరును విమర్శకులను బిరుదు ఇయ్యలేదు.

ఉప్పును కర్పూరమును గూర్చి వేమన చెప్పిన మాట తెలుగు బాలునకు బడిలో నేర్పు మొదటి పాఠములలో నొకటి. కంటికి రెండును ఒకటే. నాలుక మీద పెట్టినపుడే వాని భేదము తెలియును. కన్ను మోసపోవును, నాలుక మోసపోదు అని మనము ఆ పద్యము నుండి నేర్చుకొంటిమి. కాని కన్ను నాలుకనే మోసగించునేని?

2001లో ప్రకటితమైన యొక పరీక్ష ఈ సంగతినే వెల్లడించినది. ఫ్రాన్సు దేశములోని బోర్డో నగరములో ద్రాక్షాసవ శాస్త్రమును చదువుచున్న 54 మంది విద్యార్థుల యెదుట బ్రోషే అను పరిశోధకుడును ఆయన సహచరులును తెల్లని వైనును పెట్టిరి. ఆ తెల్లని వైనులోనే వాసన లేని ఎఱ్ఱని రంగు కలిపి మరియొక గ్లాసులో పోసిరి. విద్యార్థులు రెండవ దానిని వర్ణించుటకు ఎఱ్ఱని వైనులకు వాడు మాటలనే వాడిరి. వారు అబద్ధమాడలేదు. కన్ను ముందుగా చెప్పిన మాటను ముక్కు ఒప్పుకొన్నది. 2008లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు మరియొక విధముగా చూచిరి. ఒకే వైనును ఒకమారు చౌకయనియు, ఒకమారు ఖరీదైనదనియు చెప్పి ఇచ్చుచు, త్రాగువారి మెదడును యంత్రముతో పరిశీలించిరి. ఖరీదైనదని వినినపుడు వారు దానిని మెచ్చుకొనుటయే కాదు. సుఖానుభవమునకు సంబంధించిన మెదడు భాగము నిజముగానే ఎక్కువగా చలించినది. ధర చెవిలో పడినంతనే నాలుక మీద రుచి మారినదన్న మాట.

ధరకును రుచికిని గల ఈ బాంధవ్యము చరిత్రలో చాల లోతైనది. 1855లో పారిసులో జరిగిన ప్రపంచ ప్రదర్శనకై మూడవ నెపోలియను చక్రవర్తి కాలమున బోర్డో వైనులకు తరగతులు నిర్ణయించిరి. ఆ నిర్ణయమును చేసినవారు వ్యాపారపు దళారులు. వారు ఆ సందర్భమునకై రుచి చూచి మార్కులు వేయలేదు. అంతకుముందు అనేక సంవత్సరములుగా ఏ తోట సరకు ఏ ధరకు అమ్ముడుపోయినదో చూచి పట్టిక వ్రాసిరి. ఆ పట్టిక నేటికిని చెల్లుచున్నది. మొదటి తరగతిలో జరిగిన ఒకే యొక మార్పు 1973లో మూటన్ రోత్‌షీల్డు తోటను రెండవ తరగతి నుండి పైకి చేర్చుట. అనగా ధర తరగతిని నిర్ణయించినది. తరగతి ధరను నిలిపినది. ఆ రెంటిని చూచి నాలుక తలయూపినది.

ఈ వలయమును ఛేదించిన దినమొకటి కలదు. 1976 మే 24వ తేదీన స్టీవెన్ స్పరియర్ అను ఇంగ్లీషు వర్తకుడు పారిసులో ఒక పోటీ జరిపెను. సీసాల పేర్లు కానరాకుండ చేసి, ఫ్రెంచి వైనులతో పాటు ఎవ్వరును లెక్కచేయని కాలిఫోర్నియా వైనులను తొమ్మండుగురు ఫ్రెంచి నిపుణుల యెదుట పెట్టెను. తెల్లనివాటిలో షాటో మాంటెలీనా, ఎఱ్ఱనివాటిలో స్టాగ్స్ లీప్, రెండును కాలిఫోర్నియావే, మొదటి స్థానము పొందినవి. తీర్పరులలో ఒకామె తన మార్కుల కాగితములను తిరిగి ఇమ్మని అడిగినదట. తరువాత 30 యేండ్లకు, 2006లో, అవే ఎఱ్ఱని వైనులను మరల పరీక్షింపగా అప్పుడును కాలిఫోర్నియా సీసాయే గెలిచినది. పేరు కానరానిచో నాలుక స్వతంత్రముగా మాటలాడునని దీని వలన కొందరు సంతోషించిరి. నిజమే. కాని ఆ స్వతంత్రమైన మాట రెండవమారు అడిగినను అట్లే యుండునా?

ఈ ప్రశ్నను వేసినవాడు రాబర్టు హాడ్జ్‌సన్. ఆయన సముద్రశాస్త్ర ఆచార్యుడై విశ్రాంతి పొంది, స్వయముగా వైను తయారుచేయువాడు. తన సీసాకు ఒక పోటీలో బంగారు పతకము, మరియొక పోటీలో ఏమియు లేకపోవుట చూచి ఆయనకు అనుమానము పుట్టెను. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనమువారి అనుమతితో, 2005 మొదలు కొన్ని యేండ్లపాటు, తీర్పరులకు ఇచ్చు గ్లాసులలో ఒకే సీసాలోని వైనును మూడుమారులు చాటుగా చేర్చెను. 2008లో ఆయన ఫలితములను ప్రకటించెను. తీర్పరులలో సుమారు నూటికి పదిమంది మాత్రమే ఒకే వైనునకు ఒకే స్థాయి పతకమును మరల ఇయ్యగలిగిరి. సామాన్యముగా ఒక తీర్పరి ఒకే వైనునకు 90 మార్కులు వేసి, కొన్ని నిమిషముల తరువాత 86, మరికొంత సేపటికి 94 వేయుట జరుగుచుండెను. ఆపైన, ఒక యేడు నిలకడగా తీర్పు చెప్పినవాడు మరుసటి యేడు అట్లే చెప్పుననుటకు ఆధారము లేకపోయినది.

నూరు మార్కుల పద్ధతికి పేరు తెచ్చినవాడు రాబర్టు పార్కర్. ఆయన 1978లో తన పత్రికను ప్రారంభించిన న్యాయవాది. ఆయన వేసిన 90కి పైబడిన మార్కు సీసాల ధరలను పెంచినది. తోటలవారు ఆయన రుచికి తగినట్లు తయారుచేయజొచ్చిరను మాట వ్యాపించినది. ఆయన నిజాయితీని గూర్చి మేమేమియు అనము. మార్కును గూర్చియే మా మాట. 92కును 93కును భేదమున్నదని చెప్పు నాలుక, తాను నిన్న వేసిన 92ను నేడు గుర్తింపలేనిచో, ఆ రెండవ అంకె తూకము కాదు, అలంకారము.

నకిలీల చరిత్ర మరింత బోధకరము. అమెరికాలో రూడీ కుర్నియవాన్ అను యువకుడు సామాన్యమైన వైనులను కలిపి, పాత చీటీలు అంటించి, ప్రసిద్ధమైన పాతకాలపు సీసాలుగా లక్షల డాలర్లకు అమ్మెను. అతని విందులలో పేరుమోసిన రసికులు ఆ సీసాలను త్రాగి పొగడిరి. పట్టుబడుటకు దారితీసినది నాలుక కాదు. 2008లో న్యూయార్కులో వేలమునకు వచ్చిన సీసాలలో బర్గండీలోని పోన్సో కుటుంబము వారి పేరుతో 1945 సంవత్సరపు క్లో సాన్ దనీ వైను ఉన్నట్లు చూచి, ఆ కుటుంబపు లోరాన్ పోన్సో ఆశ్చర్యపడెను. ఏలయన ఆ తోట వైనును వారు తయారుచేయుట 1980లలోనే మొదలైనది. లేని సరకునకు రుచి యెక్కడిది? కుర్నియవానునకు 2013లో దోషమును, 2014లో పదియేండ్ల శిక్షను న్యాయస్థానము నిర్ణయించెను.

ఇంతవరకు విని, రుచిచూపరులందరును బూటకపువారేయని తీర్మానించుట సులభము. కాని అది తొందరపాటు. స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లో రుచి ప్రమాణమును గూర్చి వ్రాసిన వ్యాసములో, స్పెయిను దేశపు డాన్ క్విక్సోటు కథ నుండి ఒక ముచ్చట గ్రహించెను. ఇద్దరు బంధువులను ఒక పీపాలోని వైను రుచి చూడమనిరి. ఒకడు బాగున్నది కాని కొంచెము తోలు వాసన యనెను. రెండవవాడు బాగున్నది కాని కొంచెము ఇనుము రుచి యనెను. అందరును నవ్విరి. పీపా ఖాళీ అయిన పిమ్మట అడుగున తోలు తాడు కట్టిన యొక తాళపు చెవి దొరికినది. నవ్విన వారి నోళ్ళు మూతపడినవి.

ఈ ముచ్చటలో మేము గమనించినది వేరొకటి. ఆ ఇద్దరును వైనునకు మార్కులు వేయలేదు. ఇది శ్రేష్ఠము, అది మధ్యమము అని వరుస పెట్టలేదు. ఉండకూడనిది ఉన్నదని మాత్రము చెప్పిరి. నేటి శాస్త్రము ఆ శక్తిని అంగీకరించుచున్నది. బెరడు బిరడాలలో పుట్టు ఒకానొక రసాయనము వైనునకు బూజు వాసన కలిగించును. అది లీటరునకు కొన్ని నానోగ్రాములు, అనగా గ్రాములో నూరు కోట్లవ వంతులు కొన్ని మాత్రమే యున్నను, శిక్షణ పొందిన ముక్కు పట్టగలదు. మనము రుచి యనుకొనునది చాలవరకు వాసనయే. జలుబు చేసిన దినమున పప్పును పులుసును ఒకటే యగుటకు కారణమదియే. ఆ ముక్కు దోషమును పట్టుటలో గట్టిది. అంకె వేయుటలో బలహీనమైనది.

ఇట్టి శక్తిని పరీక్షించు విధానము కూడ ఒక చాయ్ కప్పు నుండియే పుట్టినది. 1920ల ఆరంభములో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయములో మ్యూరియెల్ బ్రిస్టల్ అను శాస్త్రజ్ఞురాలు, కప్పులో పాలు ముందు పోసిరో తేనీరు ముందు పోసిరో తాను చెప్పగలనని అనెను. అచ్చటనున్న రోనాల్డు ఫిషర్ ఆ మాటను నవ్వి విడువక, ఎనిమిది కప్పుల పరీక్షను ఏర్పరచెను. 1935లో ప్రచురించిన తన గ్రంథములో ఆ పరీక్షనే గణిత పాఠముగా వ్రాసెను. ఎనిమిదింటిలో నాలుగింటిని ఏరుటకు 70 మార్గములు గలవు. కనుక ఏమియు తెలియనివాడు గ్రుడ్డిగా ఏరినను నాలుగింటికి నాలుగు సరియగుటకు 70లో ఒక వంతు అవకాశమున్నది. నాలుగింటిలో కనీసము మూడు సరియగుటకు 70లో 17 వంతులు, అనగా దాదాపు నాలుగింట ఒక వంతు. హుస్సేనీ ఆలంలో మేము చప్పట్లు కొట్టకుండుటకు కారణమిదియే. బడే మియా సాధించినది అదృష్టము కూడ తేలికగా సాధింపగలిగినది. ఆయనకు శక్తి లేదని తేలలేదు, ఉన్నదనియు తేలలేదు.

ఈ ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో పట్టము పొందినవాడు మన కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆయన తెలుగు కుటుంబములో 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, కలకత్తా గణాంక శాస్త్ర సంస్థలో పెరిగి, 2023లో 102 యేండ్ల వయస్సున అమెరికాలో పరమపదించెను. ఆయన పేరిట ఒక పరిశోధన సంస్థ హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణములోనే యున్నది. సందేహమును అవమానముగా గాక కొలతగా మార్చు ఆ శాస్త్రమును లోకమునకు చాటినవారిలో ఒక తెలుగువాడు అగ్రగణ్యుడగుట మనకు సంతోషకరము.

మేమీ లెక్కను బడే మియాకు విన్నవించితిమి. ఆయన చాలసేపు గడ్డము నిమురుకొని యిట్లనెను: "సాబ్, ఐదవ కప్పునకే నాలుక కాలినది. పైగా పాలు ముందా వెనుకా యని ఏ దావతులో ఎవడడిగినాడు? నా నాలుక ఆ పనికి పెట్టినది కాదు. దేగ అడుగంటినదా, పాలు విరుగనున్నవా, నెయ్యి పాతదా, అది అడుగుడు." ఆ మాట మాకు నచ్చినది. మరుసటి గురువారము ప్రొద్దుననే, ఆయన ఏమియు తినక ముందు, మరల ఎనిమిది కప్పులు పెట్టించితిమి. చాయ్ చల్లారనిచ్చితిమి. కప్పుకును కప్పుకును నడుమ నీళ్ళు త్రాగనిచ్చితిమి. ఈ పర్యాయము రెండు కప్పులలో మాత్రము, అడుగు కొంచెము మాడిన గిన్నె పాలు పోయించితిమి. బడే మియా మూడవ కప్పును పెదవికి చేర్చకయే ప్రక్కకు నెట్టెను. ఏడవది ఒక గుక్క త్రాగి నెట్టెను. ఆ రెండే. గ్రుడ్డిగా ఏరినచో 28లో ఒక్కమారు మాత్రమే అట్లు జరుగును. ఒక్క పరీక్షతో శాస్త్రము స్థాపితము కాదని మాకు తెలియును. అయినను ఈ పర్యాయము మేమును చప్పట్లు కొట్టితిమి.

పెద్ద వృత్తులు కూడ ఈ దారినే నడచుచున్నవి. హైదరాబాదీ హలీమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన దేశములో మాంసాహార పదార్థములలో ఆ గుర్తింపు పొందినది అదియే మొదటిది. పేరును రక్షించుటకు ఒక పెద్దమనిషి నాలుక చాలదని అచ్చట తయారుదారులకు తెలిసినది. ఏమేమి పడవలెను, భట్టీ మీద ఎంతసేపు ఉడుకవలెను అను సంగతులను వ్రాసి పెట్టవలసి వచ్చినది. రుచి చూచువాడు పోలేదు. వాని ప్రక్కన ఒక కాగితము చేరినది.

ఇక నాలుక యేమాత్రమును చాలని చోటొకటి గలదు. దానిని చెప్పక ఈ ప్రసంగమును ముగించుట న్యాయము కాదు. టావెర్నియే చూచిన గుఱ్ఱములు పోయినవి గాని కల్లు పోలేదు. నిజాముల కాలమున ఆబ్కారీ ప్రభుత్వాదాయములోని ముఖ్యమైన పద్దులలో నొకటి. నగరము పెరిగినది, తాటి ఈత వనములు తరిగినవి, త్రాగువారు తరుగలేదు. చెట్టు ఇయ్యలేని దానిని కొందరు దుర్మార్గులు మందుల నుండి తెచ్చిరి. క్లోరల్ హైడ్రేటు, డయజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి నిద్రమందులను నీళ్ళలో కలిపి, తీపికి శాకరిన్ చేర్చి, కల్లను పేర అమ్ముట తెలంగాణములో అనేక పర్యాయములు బయటపడినది. గీతవృత్తిని నమ్ముకొని నిజాయితీగా చెట్టెక్కు వారికి దీని వలన కలిగిన అపకీర్తి, నష్టము తక్కువవి కావు.

ఇచ్చట రుచి కథ తలక్రిందులగుచున్నది. ఆ మందులకు అలవాటుపడిన వానికి అచ్చమైన కల్లు పోసినచో, ఇందులో ఏమియు లేదని పారబోయును. వాని నాలుక చెడిపోలేదు. వేరొక పాఠము నేర్చినది. ఏండ్ల తరబడి దేనిని త్రాగెనో అదియే వానికి ప్రమాణమైనది. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీని గట్టిగా అరికట్టినపుడు, నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో వందలకొలది జనులు వణుకుతో, మూర్ఛలతో, పొంతనలేని మాటలతో ఆసుపత్రులకు వచ్చిరి. మందు దొరకనందున శరీరము చేసిన తిరుగుబాటది. 2025 జులైలో మన నగరములోనే కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిరి; పరీక్షలో ఆ కల్లులో ఆల్ప్రజోలామ్ ఉన్నట్లు తేలినది. మృతులలో చాలమంది దినమును ఆ కల్లు త్రాగు అలవాటు గల శ్రమజీవులే. రుచి వారిని హెచ్చరింపలేదు.

అమెరికాలో నకిలీ వైను త్రాగిన ధనవంతుడు ధనము పోగొట్టుకొనెను. ఇచ్చట కూలివాడు ప్రాణము పోగొట్టుకొనెను. ఇద్దరును నాలుకనే నమ్మిరి. మొదటివానికి చీటీ మీది సంవత్సరమును చూచు మనిషి దొరికెను. రెండవవానికి ముంత మీద చీటీయే లేదు. కనుక వానికి కావలసినది రసికుడు కాదు. దుకాణమునకు తప్పక వచ్చు తనిఖీదారు, నమూనాను జాప్యము లేక పరీక్షించు ప్రయోగశాల, వచ్చిన ఫలితమును దాచని ప్రభుత్వము.

రుచిచూపరిని నమ్మవచ్చునా యను ప్రశ్నకు మా సమాధానమిది. పేరు, ధర, రంగు కానరాకుండ రుచి చూచుటకు ఒప్పుకొనువానిని, ఒకే సరకును మరల ఇచ్చినపుడు తన తీర్పును పోల్చిచూచుటకు జంకనివానిని, దోషమును చెప్పి అంకెల విషయమున వినయముగా నుండువానిని కొంతవరకు నమ్మవచ్చును. తీర్పు తప్పినచో తనకును నష్టము కలుగువానిని మరికొంత నమ్మవచ్చును. ప్రాణమునకు సంబంధించిన సంగతులలో ఎవ్వరి నాలుకను నమ్మరాదు; మన నాలుకను అసలే నమ్మరాదు.

ఈ తుది మాటను మేము బడే మియాతో చెప్పినపుడు, ఆయన నొచ్చుకొనునేమో యని కొంత సంకోచించితిమి. ఆయన నొచ్చుకొనలేదు. ఆయన ఇరుగుపొరుగున ఒక రిక్షావాడు అట్టి కల్లునకు లోబడి చిక్కి శల్యమైపోయినాడట. "మాడిన పాలు నేను పట్టగలను సాబ్, ఆ మందు పట్టలేను. దానికి నా నాలుక చాలదు. పట్టగల యంత్రమున్నప్పుడు దానిని పెట్టరేల?" అని అడిగెను. మేము సమాధానము చెప్పలేకపోతిమి. కుర్రవాడు మరి రెండు కప్పులు తెచ్చి బల్లపై పెట్టెను. వాని సాసరుల అడుగున ఏ గుర్తును లేదు. మేమిరువురమును మౌనముగా త్రాగితిమి.